పద్నాలుగిళ్ళ గిన్నెలు

"మీ ఇంట్లో ఈరోజు ఏటి కూర, మాస్టారూ?"

గజపతినగరం ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా మా బస్సు టైరు పేలింది. అందరం దిగి, రోడ్డు పక్కన బుల్లమ్మ అనే ఆవిడ నడిపే టీ బడ్డీ నీడకు చేరాం. బల్ల మీద నా పక్కన కూర్చున్నావిడ, ఊరూ పేరూ అడక్కుండా, ముందు ఈ ప్రశ్న వేసింది.

నేను మాస్టారిని కాను. కానీ చేతిలో పుస్తకం, ముక్కు మీద అద్దాలు ఉన్న ముసలివాడు ఈ జిల్లాల్లో మాస్టారే. కాదంటే ఎవరూ నమ్మరు.

"నాకు ఇల్లంటూ లేదమ్మా. తిరుగుతూ ఉంటాను. పొద్దున విజయనగరంలో ఇడ్లీ తిన్నాను," అన్నాను.

"ఇడ్లీ కూరేటి మాస్టారూ!" అని జాలిగా చూసింది.

ఆవిడ పేరు దేవమణి. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. వాళ్ళ తాత కాలం నుంచీ బాప్టిస్టు గుడికి వెళ్ళే కుటుంబం. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయింది. మాట్లాడుతూనే సెల్‌ఫోను ఎత్తి సిగ్నల్ గీతలు చూసుకుంటోంది. రెండు గీతలు కనిపిస్తే నవ్వుతోంది, ఒకటే ఉంటే లేచి చోటు మారుతోంది.

"ఎవరైనా ఫోన్ చెయ్యాలా?"

"పదకొండుకి వైజాగునుంచి సేస్తారు. నన్ను మల్లీ మలావీ పంపుతారో లేదో సెప్తారు."

మలావీ అంటే ఆఫ్రికాలో పెద్ద సరస్సు ఒడ్డున సన్నగా పొడుగ్గా పడుకున్న దేశం. మ్యాపులో ఎన్నోసార్లు చూశాను, వెళ్ళలేదు. ఈవిడ అక్కడ రెండేళ్ళు ఉండి వచ్చింది. సేవ కోసం నర్సుల్ని పంపే సంఘం ఒకటి తీసుకెళ్ళింది. జీతం లేదు, ఇల్లూ తిండీ వాళ్ళవే. సరస్సు ఒడ్డు పల్లెలో కాన్పుల ఆసుపత్రి. ఇప్పుడు మళ్ళీ వెళ్ళాలని ఆవిడ పట్టుదల. కానీ అరవై దాటినవాళ్ళని ఆ సంఘం పంపదు. వచ్చే నెల పద్దెనిమిదికి ఈవిడకు అరవై. అంటే ఇదే ఆఖరి అవకాశం.

"పైగా ఇంకో రూలు ఉన్నాది. మధ్యలో వచ్చేస్తానని కాయితం రాసినోల్లని మల్లీ పంపరు. నాను రాసినాను మాస్టారూ. ఇరవై మూడో రోజునే రాసేసినాను. అది ఫైల్లో అలగే ఉన్నాది."

"అంత కష్టమా?"

"కష్టం కాదు. సాయంత్రం అయిదవుతాది సూడండి, అదీ."

ఈ ముక్క నాకు వెంటనే అర్థమైంది. ఎన్ని ఊళ్ళ సత్రాల్లో పడుకున్నానో నాకే లెక్క లేదు. ఒంటరితనం అర్ధరాత్రి వస్తుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, అది వచ్చేది సాయంత్రం అయిదుకి, పక్కింట్లో పోపు వేసినప్పుడు.

పగలంతా ఆసుపత్రిలో ఏడుపులు, కేకలు, పసిపిల్లలు. డ్యూటీ దిగి గదికి వస్తే మాట లేదు. సొంత గొంతు వినడానికి మందుల డబ్బాల్లోని కాగితాలు పైకి చదువుకునేదట. తెలుగు కీర్తనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు అయిపోయింది. ఆ తర్వాత ఆవకాయ జాడీకి చుట్టి తెచ్చుకున్న పాత పేపరు విప్పింది. అందులో 'రాజాంలో సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు అమ్మబడును' అన్న ప్రకటన, ఫోను నంబరుతో సహా, ఆవిడకు కంఠతా వచ్చేసింది.

"ఇండియా వచ్చేక ఆ నంబరుకి ఫోన్ సేసి అడిగినాను, ట్రాక్టరు అమ్ముడైపోయిందా బాబూ అని."

"అయిందా?"

"ఎప్పుడో అయిపోయిందంట. నాకెంత మనశ్శాంతో!"

ఈపాటికే చనువైపోయిన బుల్లమ్మ టీ వడపోస్తూ పకపకా నవ్వింది. "ఒలమ్మా! ఆడికేటి అర్థమయ్యుంటాదే?"

కాయితం రాసిన రోజునే దేవమణి వీధిలోకి నడిచింది. మన దగ్గర ఎవరి గడప ముందు నుంచి వెళ్ళినా 'ఏటి కూర?' అంటాం. అది పలకరింపు, జవాబు వినేదాకా ఆగని వాళ్ళూ ఉన్నారు. మలావీ వాళ్ళ భాషలో ఈ ఒక్క వాక్యం వార్డు ఆయా దగ్గర నేర్చుకుని, ఆసుపత్రి నుంచి గది దాకా ప్రతి గుమ్మంలోనూ అడుగుతూ వచ్చింది. వాళ్ళు వింతగా చూసి, తడబడుతూ ఏదో చెప్పారు.

ఆ సాయంత్రం మూడు గిన్నెలు వచ్చాయి. మొక్కజొన్న పిండి ముద్ద, వేరుశనగ పొడి వేసిన గుమ్మడాకు కూర, అచ్చం మన నెత్తళ్ళలాంటి ఎండు చేపలు. మర్నాడు ఆరు గిన్నెలు. ఎంత మంచివాళ్ళో అనుకుని ఈవిడ మరింత ఉత్సాహంగా అడిగింది. ఆదివారం ఆ ఊరి చర్చిలో పెద్దాయన లేచి ఏదో చెప్పాడు. అందరూ ఈవిడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. కొత్త నర్సుకు స్వాగతం కాబోలని దేవమణి అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది.

బయటికి వచ్చాక ఆయా నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో విషయం చెప్పింది. అది 'మన మధ్య ఆకలితో అలమటిస్తున్న సోదరి' కోసం ప్రార్థన. ఏ రోజు ఏ ఇంటివాళ్ళు తిండి పంపాలో వంతులు కూడా వేసేశారట. పద్నాలుగిళ్ళు!

"సిగ్గుతో సచ్చిపోయినాను మాస్టారూ. కడుపు నిండిందని ఆయా సేత సెప్పించినాను. మొహమాటపడతందని ఇంకో ముద్ద ఎక్కువెట్టినారు."

"నీ ఆకలికి నువ్వే ఆమేన్ అన్నావేటే!" అంది బుల్లమ్మ.

మరి గిన్నెలు తిరిగి ఇవ్వాలి కదా. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం ఈవిడ వంశంలో లేదు. మొక్కజొన్న రవ్వతో పులిహోర చేసి, ఒక్కో గిన్నెలో కొంచెం పెట్టి, ఇంటింటికీ తిరిగింది. నిండు గిన్నె వస్తే ఊరుకోవడం వాళ్ళకూ మర్యాద కాదు. మళ్ళీ నింపి పంపారు. ఇచ్చినప్పుడల్లా గుమ్మంలో ఐదు నిమిషాలు, తెచ్చినప్పుడల్లా ఈవిడ అరుగు మీద పది నిమిషాలు. నెల తిరిగేసరికి సాయంత్రం అయిదు ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే స్థితికి వచ్చింది. టికెట్ కొన్నాం బయల్దేరమని సంఘం వాళ్ళ జవాబు అప్పుడొచ్చింది. 'మూడిళ్ళ గిన్నెలు నా దగ్గర ఉండిపోయాయి, రాలేను' అని ఈవిడ తిరిగి రాసింది. రెండేళ్ళూ ఉంది.

ఈ గిన్నెల మాట వింటుంటే నాకు శ్రీకాకుళం దగ్గరి శాలిహుండం గుర్తొచ్చింది. ఆ కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వంశధార నది పక్కన, ఎంత చక్కటి చోటో. వాళ్ళు పాత్ర పట్టుకుని రోజూ ఊళ్ళోకి దిగింది అన్నం కోసమేనా? కొండ మీదే వండుకోలేకనా? నాలుగు గుమ్మాల ముందు నిలబడకపోతే ధ్యానం మనిషిని తినేస్తుందని వాళ్ళ పెద్దలకు తెలిసే ఉంటుందని నా అనుమానం. ఈ సంగతి ఆవిడకు చెప్పబోతుండగా ఫోను మోగింది.

దేవమణి గబుక్కున కల్వర్టు గట్టు మీదకెక్కింది. లారీల రొదలో వినపడక స్పీకరు పెట్టింది. మాట్లాడుతున్నది సంఘంలో ఎంపికలు చూసే అనూరాధ గారు.

"దేవమణిగారూ, మీ పాత ఉత్తరం నా ముందుంది. మళ్ళీ పంపితే మళ్ళీ ఇరవై మూడో రోజు వస్తుంది. అప్పుడేం చేస్తారు?"

బుల్లమ్మ స్టవ్వు తగ్గించింది. జాకీ తిప్పుతున్న కండక్టరు కూడా ఆగాడు.

"ఏడుస్తానమ్మా," అంది దేవమణి. "ఏడవనని సెప్తే అబద్ధం. ఈసారి పంపే ఊరు కూడా కొత్తదే కదా, అక్కడ నాకెవుల్తోటీ పరిచయం లేదు. మొదటి నెల ఏడుపుకే పోతాది. మొకం కడుక్కుని వీధిలోకెల్తాను. కాయితం మాత్తరం రాయను."

సిగ్నల్ గీతలు ఎన్నున్నాయోనని ఆవిడ తెర వైపు చూసుకుంది.

"పోయినేడాది ముగ్గురు కూర్చున్నారండీ నా ముందు," అన్నారు అనూరాధ గారు. "బెంగేమీ ఉండదన్నారు ముగ్గురూ. రెండు నెలలు దాటలేదు ఒక్కరూ. రూలు సంగతి కమిటీతో నేను మాట్లాడుకుంటాను. జాబితా ఈరోజే వెళ్తుంది. నాలుగింటిలోగా మీ ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష రిపోర్టులు ఫోన్లో నాకు చేరాలి. ఎక్కడున్నారు?"

"గజపతినగరం దగ్గిర. బొబ్బిలి ఎల్తన్నాను."

"విజయనగరం వెళ్ళి చేయించుకోగలరా?"

"ఎలిపోతన్నాను!"

టైరు బిగించడం అయిపోయింది. కండక్టరు విజిల్ వేసి, "బొబ్బిలీ, బొబ్బిలీ, బేగెక్కండి!" అని అరుస్తున్నాడు. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని, ఆ భిక్షువుల సంగతి ఇప్పుడైనా చెబుదామని పక్కకు తిరిగాను. కల్వర్టు గట్టు ఖాళీగా ఉంది.

"ఒసే, టీ తాగలేదే!" అని కేకేసింది బుల్లమ్మ.

దేవమణి అప్పటికే రోడ్డు దాటేసింది. చెప్పుల చప్పుడు చేసుకుంటూ, చెయ్యూపుతూ, విజయనగరం వైపు వెళ్ళే ఆటోకి అడ్డంగా నడుస్తోంది. ఆటో ఆగింది. కొబ్బరికాయల బస్తా పక్కకు జరిపించి, కొంగు లోపలికి లాక్కుని కూర్చుంది. ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. ఆవిడ తల బయటికి పెట్టి, ముందు దారి ఖాళీగా ఉందో లేదో చూసుకుంటోంది.