నీళ్లు పోసుకున్నాకే ఫోటో

కోయంబత్తూరు మిల్లులో మా అమ్మ దూది ఏరే పని చేసేది. ఒక సాయంత్రం షిఫ్టు దిగి, తలనిండా దూదితో ఇంటికొస్తుంటే మా సందులో ఒక ఫోటోగ్రాఫరు ఎదురయ్యాడు. మద్రాసు నుంచి వచ్చిన తెలుగాయన. మిల్లు కూలీల బతుకును ఫోటోలు తీస్తున్నాడట.

"అక్కా, అట్లాగే ఆ మురుక్కాలవ పక్కన నిలబడండి. నవ్వొద్దు," అన్నాడు.

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కొంచం ఉండు తంబీ, నీళ్లు పోసుకొని వస్తా."

"వెలుతురు పోతుందక్కా!"

"పోతే రేపు వస్తుంది. ఈ తలతో నేను చర్చికి పోతానా? నీ ఫోటో పెట్టి ముందరికి మాత్రం ఏల రావల్ల? రెండు చోట్లా చూసేది ఆ సామే గదా."

నాకు నవ్వాగలేదు. ఆయన మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగాడు. అమ్మ ఈస్టరు చీర కట్టుకుని వచ్చేసరికి సందులోని ఆడవాళ్లంతా పూలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అప్పటికే చీకటి పడింది.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. "ఎక్కడ నిలబడతారక్కా?" అని అడిగాడు. మా గుమ్మం ముందు అందరూ పగలబడి నవ్వుతుండగా తీశాడు.

కొన్నాళ్లకు ఆ ఫోటో పోస్టులో వచ్చింది. అమ్మ దాన్ని ఏసు పటం పక్కన తగిలించింది. సందులో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు మా ఇంటికే తీసుకొచ్చి, "ఇదో, ఇది నేను," అని చూపించేవాళ్లు.