హారన్‌లో పలకని బేస్ గిటార్

1984 వేసవి. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద, బస్టాండుకు దగ్గర్లోనే నా రేడియో రిపేరు దుకాణం. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచెయ్యడం ఒక పని. పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైక్ సెట్ కిరాయికివ్వడం రెండో పని. ఆంప్లిఫయర్లు, మైకులు, స్తంభాలకూ చెట్లకూ కట్టే రేకు హారన్‌లు దుకాణం నిండా ఉండేవి. ముహూర్తాలున్న నెలల్లో పంతులుకన్నా నాకే గిరాకీ ఎక్కువని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఒక మధ్యాహ్నం విఠల్ వచ్చాడు. న్యాల్‌కల్ మనిషి. పగలు జొన్నచేను, పెళ్ళిళ్ళ రోజుల్లో మా ఊరి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే దీనికి నాలుగే. అవి లావుగా ఉంటాయి. పాటకు అడుగున లావు గొంతుతో నడుస్తుంది. పాత గిటార్ మెడ వంగిపోయి పనికిరాకుండా పోతే, హైదరాబాద్ వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొనుక్కొచ్చాడు.

దాన్ని బల్ల మీద పెట్టి ఆంప్లిఫయర్‌కు కలిపాను. ఉలుకూ పలుకూ లేదు.

"పలుకని గిటార్ కొన్నవేందిరా?" అన్నాను.

"రెండు చూపెట్టిన్రు రాజన్నా. ఒకటి తళతళ మెరుస్తున్నది, పలుకుతున్నది గూడ. గానీ దాని మెడ వంకరున్నది. దీని మెడ సీదా ఉన్నది. పికప్ కాలిపోతే రాజన్న చేస్తడు, మెడ వంకరుంటే ఎవ్వరు చేస్తరు?"

పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్ట. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చేది అదే. విఠల్ మాటకు ఉబ్బిపోయానని ఒప్పుకోవాలి. అంతకుముందు నేను పికప్ విప్పిన పాపాన పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిన చేతికి ఇదెంతలే అనుకున్నాను.

ఎంతో చెప్తాను. అది వెంట్రుకంత సన్నటి రాగి తీగ. వేల చుట్లు చుట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే చేతి మిషను మీద పెడితే మూడుసార్లు తెగింది. నాలుగోసారి ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఊపిరి బిగబట్టి చుట్టాను. తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉండి వేలు నొక్కడానికి కష్టంగా ఉంటే, మెడ విప్పి అది గిటార్ ఒంటికి బిగిసే చోట, మడమ కింద అగ్గిపెట్టె అట్టముక్క పెట్టి మళ్ళీ బిగించాను. హమ్ కూడా ఉంది, అంటే గుంయిమనే రొద. అది రాకుండా లోపలి గుంతకు సిగరెట్టు పెట్టెల వెండికాగితం అంటించి ఎర్త్ వైరు కలిపాను. లావు తీగ బదులు ఎవరో మహానుభావుడు స్కూటర్ బ్రేకు వైరు కట్టి ఉన్నాడు. దాన్ని పీకేసి కొత్త తీగ తెప్పించాను.

ఈ పనంతా జరుగుతున్నప్పుడు విఠల్ స్టూలు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు. అతనికి పెళ్ళయి మూడేళ్ళు. భార్య పేరు శారద. ఆమె అతను వాయించే పెళ్ళిళ్ళకు మూడుసార్లు వచ్చింది.

"మూడుసార్లు గూడ ఒక్కటే మాటన్నది అన్నా. డోలక్ వినొచ్చింది, పాట వినొచ్చింది, నీదేదో నాకు తెల్వలేదు అన్నది. మొన్నటిసారైతే, నిన్ను ఉత్తగనే నిలబెట్టిన్రా అని నవ్వింది."

"నవ్వితే నవ్వనీయ్."

"నాకు అన్ని పాటలల్ల ఆమెనే యాదికొస్తది. ఆమెకు నేను ఒక్క పాటల గూడ వినొస్తలేను. ఒక్కసారి వినిపియ్యాలె. గంతే."

గిటార్ పాతదవడం వల్లే అలా జరిగిందని అతని నమ్మకం. నాదీ అదే నమ్మకం. సిద్ధమయ్యాక దుకాణంలోని పెద్ద రేడియోగ్రామ్ స్పీకర్‌కు కలిపి వాయిస్తే షెల్ఫులో బల్బులు కూడా కదిలాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. నాకంటే మొనగాడు జిల్లాలో లేడనుకున్నాను.

వారం తర్వాత ఝరాసంగంలో పగటి పెళ్ళి. ఆర్కెస్ట్రా వాళ్ళది, మైక్ సెట్ నాది. నేనే పొద్దున పోయి పందిరి స్తంభాలకు నాలుగు హారన్‌లు కట్టాను. శారద వచ్చి ఆడవాళ్ళ మధ్యలో చాప మీద కూర్చుంది. విఠల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజీ మీద నిలబడి ఆమె వైపే చూస్తున్నాడు. పాట మొదలైంది. నేను ఆంప్లిఫయర్ దగ్గర్నుంచి లేచి, మనవాడి వాయింపు ఎలా ఉందో విందామని పందిరి కిందికి నడిచాను.

బేస్ లేదు. గొంతు ఉంది, డోలక్ ఉంది, విఠల్ వేళ్ళు కదులుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. తీగ మీద గోరు తగిలినట్టు టిక్కు టిక్కుమని కొంచెం వినబడుతోంది, అంతే.

అప్పుడు నాకు అర్థమైంది. రేకు హారన్ మనిషి మాటను మైలు దూరం మోస్తుంది గాని లావు శబ్దాన్ని పలకదు. దాని కట్టడమే అంత. ఈ ముక్క నాకు తెలియదా? అప్పటికే పన్నెండేళ్ళుగా ఆ హారన్‌లే కడుతున్నాను. అయినా పదిహేను రోజులు గిటార్‌ను విప్పి బిగించాను గాని, చివరికి అది నా హారన్‌లోంచే రావాలన్న ఆలోచన ఒక్కసారి రాలేదు. దీపం కిందే చీకటి అంటే ఇదే. స్టేజీ మీద చిన్న స్పీకర్ డబ్బా ఒకటి వాయించేవాళ్ళ వైపు తిప్పి ఉంటుంది కాబట్టి విఠల్‌కు తన వాయింపు వినబడుతూనే ఉంది. శారదకు వినబడుతోందనే అతను అనుకుంటున్నాడు. ఆ రోజు అతని మొహంలో సంతోషం చూసి నేను తల దించుకున్నాను.

భోజనాలప్పుడు ఆమె అతనితో ఏమందో నేను వినలేదు. సాయంత్రం వైర్లు చుడుతుంటే విఠల్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈసారి గూడ వినరాలేదంట అన్నా."

"తప్పు నాది విఠల్. హారన్‌ల బేస్ పలుకది. దానికి వేరే డబ్బా కావాలె, పెద్ద స్పీకర్‌ది. పది రోజులల్ల నేనే చేసిస్త."

పది రోజులన్నాను. మాట ఇచ్చేటప్పుడు నా అంత ఉదారుడు ఉండడు. మూతపడ్డ టూరింగ్ టాకీసు నుంచి పన్నెండు అంగుళాల స్పీకర్ ఒకటి తెచ్చిపెట్టుకున్నాను. ఇక దానికి చెక్క డబ్బా చెయ్యాలి. ఇంతలో పెళ్ళిళ్ళు, తర్వాత గణపతి పందిళ్ళు, ఎన్నికల సభలు వచ్చాయి. విఠల్ వచ్చినప్పుడల్లా "వచ్చే వారం" అన్నాను. అతను ఒక్కనాడూ గట్టిగా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

చలికాలంలో ఆర్కెస్ట్రా మాస్టర్ కీబోర్డు కొన్నాడు. బటన్ నొక్కితే తాళం దానంతటదే వస్తుంది, ఎడమ చేత్తో బేస్ కూడా పలుకుతుంది. మాస్టర్‌కు ఒక మనిషి ఖర్చు మిగిలింది. విఠల్ వచ్చి స్టూలు మీద కూర్చుని నవ్వుతూనే చెప్పాడు.

"మాస్టర్ ఎడమ చెయ్యి నా నౌకరీ తీసుకున్నది అన్నా. ఈ ఏడు వానల్లేవు, చేన్ల గూడ ఏం మిగల్లేదు. చిరాగ్‌పల్లి కాడ లారీ ఎక్కి బొంబాయి పోత. డబ్బ గురించి ఫికర్ చెయ్యకు."

అతను పోయిన మర్నాడే చెక్క పలకలు కొనుక్కొచ్చాను. రెండు రోజుల్లో డబ్బా కొట్టేశాను. లోపల గోనెపట్టా మేకులతో బిగించి, స్పీకర్ అమర్చి, వెనక మూత గాలి పోకుండా మూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే నా తర్వాతే ఎవరైనా. రెండు రోజుల పనిని ఏడు నెలలు ఆపాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

నాలుగు నెలల తర్వాత శారద న్యాల్‌కల్ బస్సు దిగి దుకాణానికొచ్చింది. గిటార్‌ను దుప్పట్లో చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. అమ్మిపెట్టమని రాజన్నకివ్వు అని విఠల్ ఉత్తరం రాశాడట.

"ఎవరన్న తీస్కుంటరా అన్నా?"

"చూద్దాం చెల్లె. ముందుగాల పలుకుతదో లేదో చూడాలె కదా."

గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు, ఆంప్లిఫయర్‌ను ఆ డబ్బాకు కలిపాను. నాకు వాయించడం రాదు. అన్నిటికన్నా లావు తీగను బొటనవేలితో ఒకసారి మీటాను. శబ్దం నేల మీదుగా వచ్చినట్టు వచ్చింది. ఆమె కూర్చున్న బల్ల సన్నగా వణికింది. ఆమె చటుక్కున బల్ల అంచు పట్టుకుంది.

"గిదేనా? గిదేనా గాయన వాయించేది?"

"గిదే చెల్లె. నాకొచ్చేది గీ ఒక్క సప్పుడే. ఆయనైతే పాటంత దీని మీదనే నడిపిస్తడు."

"ఇంగొక్కసారి కొట్టున్రి."

మళ్ళీ మీటాను. శబ్దం పూర్తిగా ఆగేదాకా ఆమె కదల్లేదు.

"గింత పెద్ద సప్పుడు అప్పుడు నాకెందుకు వినరాలేదన్నా? నేను మంచిగనే విన్న గద."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఆమె మొహం చూస్తే అబద్ధం రాలేదు. "మీ చెవులది తప్పు గాదు, ఆయనది గాదు. నా హారన్‌లది. ఈ డబ్బ అప్పుడే చేసిచ్చేది ఉండె. నేనే ఆలస్యం చేసిన" అని మొత్తం చెప్పాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పెండ్లికాడ భోజనాలప్పుడు గూడ నవ్విన అన్నా. తింటందుకే తీస్కపోతున్రా నిన్ను అని అన్న. గాయన నా విస్తరిల బూంది ఏసి ఊకున్నడు."

ఆమె లేచి దుప్పటి పరిచి గిటార్‌ను మళ్ళీ చుట్టింది.

"దీన్ని అమ్మను. గాయన వచ్చినంక గాయన్నే వాయియ్యమంట. గా డబ్బ ఎవ్వరికియ్యకున్రి."

ఇవ్వలేదు. ఏడాదిపాటు అది దుకాణం మూలన ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ విఠల్ ఎప్పుడొస్తాడా అనిపించేది. ఒక్క పాట చాలు, వాయిస్తే వినాలని ఉండేది. కొడుకు కోసం కూడా అంతలా ఎదురుచూడవని మా ఆవిడ అనేది.

అతను వచ్చిన రోజు నేను బీదర్‌లో ఉన్నాను, హారన్‌లు కట్టడానికి పోయి. మర్నాడు తిరిగొచ్చేసరికి మూలన డబ్బా లేదు. శారదను బొంబాయి తీసుకుపోవడానికి వచ్చాడట. ఇద్దరూ దుకాణంలో గంటసేపు ఉన్నారట. ఆ రోజు దుకాణం చూసుకున్న మా ఆవిడ చెప్పింది.

"ఆయన వాయిస్తనే ఉన్నడు. ఆమె గా బల్ల మీద కండ్లు మూసుకొని కూసున్నది. రోడ్డు మీద పోయేటోళ్ళు గూడ నిలబడ్డరు. నీ కోసం శానాసేపు చూసిన్రు. లారీ టైమైతున్నదని డబ్బ గూడ తీస్కొని పోయిన్రు."

"ఎట్లుండె వాయించుడు?" అని అడిగాను.

"నాకేం తెలుస్తది, నువ్వుంటే బాగుండు" అంది.

ఆ పనితో నేర్చుకున్నది ఒకటే. అప్పట్నుంచి ఎవరు ఏ సెట్టు తెచ్చినా ఏం పాడైందని మొదట అడగను. ఎవరు వినాలి, వాళ్ళెక్కడ కూర్చుంటారు అని అడుగుతాను. పని పూర్తయ్యాక ఆ చోటికే పోయి కూర్చుని విని మరీ అప్పగిస్తాను. శిష్యులకు కూడా అదే చెప్పాను. కాని విఠల్ వాయిస్తుండగా ఆ డబ్బా ఎలా పలికిందో నేను మాత్రం వినలేదు. నా చేత్తో చేసిన వాటిలో అదొక్కటే నేను వినాలనుకుని వినలేకపోయింది. ఇప్పటికీ వినాలనే ఉంది.