గడువు దాటిన అర్జీ

మా మేనత్త పోయిన అరగంటకు నేను విజయవాడకు ఫోన్ చేశాను. చుట్టాలకంటే ముందు ఆవిడ పనిచేసిన సంఘం కార్యదర్శికి చెప్పాలనిపించింది. ఆయన, "ఇక మన తరఫున ఎవరు అడుగుతారమ్మా?" అన్నాడు. ఆ సమయంలో అనాల్సిన మాట కాదది. కానీ నాకు కోపం రాలేదు. నేనూ అదే అనుకుంటున్నాను.

అత్త మాచర్ల బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపేది. పిల్లలకు హాల్ టికెట్లు, రైతులకు పొలం కాగితాలు తీసిచ్చేది. దాంతోపాటు ఇంటర్నెట్‌లో పేర్లు కొనేది. వెబ్‌సైట్‌కు పనికొచ్చే చిరునామాను ఎవరూ తీసుకోకముందే తన పేర రిజిస్టర్ చేయించి, ఎవరైనా కావాలని వస్తే అమ్మేది. డొమైన్ పేర్ల వ్యాపారం అంటారు దాన్ని. బజార్లో చాలామందికి అది గాలిని కొలిచి అమ్మడంలా తోచేది.

ఆ వ్యాపారంలో దొంగలూ ఉన్నారు. ఒకతను వచ్చి, పేరుమోసిన బట్టల కొట్టు పేరుతో చిరునామా తీసి వాళ్ళకే అమ్ముదామన్నాడు. అత్త కుర్చీలోంచి లేచింది. "ఒరేయ్, అది ఇంకొకళ్ళ పేరు. నీలాంటోళ్ల వల్లే మేం కనపడ్డ ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకుంటన్నాం. ఫో ముందు!" ఆవిడ కొన్నవన్నీ మామూలు మాటలే. పంటలు, వంటలు, రాళ్ళ రకాలు.

వాటిలో మా వైపు కారప్పొడి పేరు 'గొడ్డుకారం' ఒకటి. దాన్ని చాలా ఏళ్ళు అట్టిపెట్టుకుంది. ఎప్పటికైనా మన పల్నాడు పచ్చళ్ళవాళ్ళే కొనుక్కోవాలని ఆశ. తర్వాతెప్పుడో పుట్టిన ఒక కంపెనీ, ఆ మాట తమ వ్యాపార నామమని ఫిర్యాదు చేసింది. జవాబివ్వడానికి కొద్ది రోజుల గడువుతో ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది. అప్పుడు మామయ్య క్వారీలో కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. అత్త ఆ మెయిల్ చూసేసరికి గడువు దాటింది. ఆ పేరు కంపెనీకి పోయింది.

నెల రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ తర్వాత, పేర్లు కొనుక్కున్న చిన్న వ్యాపారులంతా కలిసి పెట్టుకున్న సంఘంలో చేరింది. ఇంటర్నెట్ చిరునామాల నియమాలు ఎక్కడో దేశం బయట తయారవుతాయి. మార్చేముందు ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. సంఘం పని అదే, రాసి పంపడం. ఫిర్యాదు నోటీసు మనుషులకు తెలిసిన భాషలో రావాలని, పోస్టులో కూడా రావాలని, గడువు పెంచాలని అత్త రాస్తూనే ఉండేది. వాళ్ళ నియమాల్లో ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్నీ వేలు పెట్టి పైకి చదివి, మార్జిన్లో పెన్సిల్‌తో తెలుగు రాసుకునేది. "ఇంత కష్టమెందుకత్తా?" అంటే, "అడగందే అమ్మైనా పెట్టదే" అనేది.

ఒకసారి ఆ నియమాలు చేసేవాళ్ళ ఆన్‌లైన్ సభలో ఆవిడకు రెండు నిమిషాలు మాట్లాడే వీలు దొరికింది. పక్క కొట్టు టైలరమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని వారం రోజులు సాధన చేసింది. మాట్లాడింది కూడా, తడబడకుండా. అధ్యక్షుడు థాంక్యూ అని తర్వాతి మనిషిని పిలిచాడు. అత్త నావైపు తిరిగింది. "థాంక్యూ ఏందే? అవునో కాదో చెప్పొద్దా?"

ఏ ఒక్కటీ మారలేదు. జనం సంఘాన్ని వదిలి పోసాగారు. అత్తకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. అప్పుడే ఫిర్యాదుకు జవాబిచ్చే గడువును ఇంకా తగ్గించాలని ఒక ముసాయిదా వచ్చింది.

"ఇక వదిలెయ్యత్తా. నీ ఒంట్లో ఏముందని?" అన్నాను.

"వదిలేస్తే ఒప్పుకున్నట్టు గాదా?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నాకు చానా భయంగా ఉందే. నేను పోయాక ఇది అడిగేవాళ్ళు లేరు" అంది.

మంచం మీదినుంచే చెప్పింది, నేను టైపు చేశాను. నాలుగు పేజీల అర్జీ తయారైంది. దాన్ని పంపాల్సిన ఆఖరి రోజు అత్తకు ఊపిరాడలేదు. ఆస్పత్రికి పరిగెత్తాం. అర్జీ నాకు గుర్తే లేదు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరవగానే, "పంపావా?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదత్తా. గడువు నిన్నటితో అయిపోయింది."

ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నా ఫోన్ వైపు వేలు చూపింది. "అయినా పంపు."

"తీసుకోరత్తా."

"తీసుకోకపోతే మానె. ఎందుకు ఆలస్యమైందో పైన రాయి. ఆస్పత్రిలో ఉన్నామని రాయి. మనలాంటోళ్లకి ఆ రోజులు ఎందుకు చాలవో వాళ్లకు తెలవాలి గదా."

వార్డులో సిగ్నల్ లేదు. ఆ చివర కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెప్పిన మాటలు పైన చేర్చి పంపబోయాను. తెరమీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. వెనక చప్పుడైతే చూశాను. అత్తను స్ట్రెచర్ మీదికి మార్చి ఐసీయూకి తీసుకుపోతున్నారు.

అర్జీ వెళ్ళింది, కానీ కొన్ని నిమిషాల తర్వాత. జవాబు ఇప్పటిదాకా రాలేదు. స్ట్రెచర్ నా పక్కగా పోతున్నప్పుడు మాత్రం ఆ చక్రం ఇంకా తిరుగుతోంది. మాస్కు కింద మాట రాక, అత్త కనుబొమ్మలెగరేసి అడిగింది. నేను అరచెయ్యి చూపించి, "ఒక్క నిమిషం ఉండత్తా" అన్నాను. తలుపులు మూసుకునేదాకా ఆవిడ మెడ తిప్పి నా చేతిలోని ఫోన్నే చూస్తూ పోయింది.