వెనక సీటు బెల్టు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంటి ముందున్న పాత బండిని బేరానికి చూద్దామని గాజువాక నుంచి ఒక కొత్త జంట వచ్చారు. ఆ అబ్బాయి ఫోనులో రెండు బండ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి మా బండి లాంటిదే, రెండోది విదేశీ కంపెనీది, ఏది లీటరుకి ఎంత దూరం పోతుంది, దేనికి ఎత్తు ఎక్కువ అని భార్యకి చదివి వినిపిస్తుంటే, గుమ్మంలో కూర్చున్న నాకు లోలోపల నవ్వొచ్చింది. ఆ రెండు రకాల బండ్ల మధ్యే ఒకప్పుడు మా ఇల్లంతా ఊగిసలాడింది. అప్పటికే ఆ రెండూ కొత్తవి తయారవడం ఆగిపోయింది.

ఆ రోజుల్లో నేను సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు సెల్లారులో బండ్లు కడిగేదాన్ని. హార్బరు వైపు నుంచి గాలి తిరిగితే మన ఊళ్లో బండ్ల మీద రాత్రికి రాత్రే నల్లటి బొగ్గు పొడి ఎలా పేరుకునేదో నా ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది. రోజూ పొద్దున కిందికి దిగి, నేను నీళ్లు పోయకముందే తన కారు బానెట్ మీది పొడిలో వేలితో ఒక అక్షరం రాసి, దాని పక్కన నన్ను రాయమనేది. రాశాక తుడిచేసేదాన్ని. యాభై దాటాక నాకు అబ్బిన అక్షరాలన్నీ అలా రాసి, తుడిచి, మళ్లీ రాసి నేర్చుకున్నవే.

అంతకు ముందు మన ఊరిని ఊపేసిన పెద్ద తుఫానుకి ఆ సెల్లారు నడుంలోతు నిండిపోయింది. నీళ్లు తోడాక, రోజుల తరబడి ఒక్కో బండి లోపలా కడుగుతూనే ఉన్నాను. సీట్లు ఆరాయి, తివాచీలు మార్చారు, వాసనకి అత్తరు కొట్టారు. ఎంత రుద్దినా పోనిది ఒక్కటే, సీటు బెల్టు లోపలి చుట్టలో ఇరుక్కున్న బురద చార. అదెవరికీ కనబడదు. నా గోళ్లకి మాత్రం తెలుసు.

మా అమ్మాయి అప్పటికి ఒక ట్రావెల్స్‌లో డ్రైవరు. ఆడపిల్లని ఓనరు ఊళ్లో తిప్పేవాడే గాని అరకు ఘాట్ రోడ్డుకి పంపేవాడు కాదు. సొంత బండి ఉంటే సింహాచలం యాత్రికులనీ, అరకు వెళ్లే ఆడవాళ్లనీ తనే తిప్పుకుంటానని దాని పట్టుదల. ఇద్దరం కూడబెట్టింది ఒక్క పాత బండికి సరిపోతుంది. అది గనక తేడా వస్తే రెండోది కొనే శక్తి లేదు, పిల్ల మళ్లీ ఆ ఓనరు గుమ్మంలో నిలబడాల్సిందే.

ఉక్కునగరంలో ఆఫీసర్లకి బండి నడిపే మా తమ్ముడు మమ్మల్ని తనకు తెలిసిన బ్రోకరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మన దేశం బండి పెట్టెలా ఉండి, గేరు వేస్తే మోచెయ్యి నొప్పెట్టేది, తలుపు గట్టిగా లాగితేగాని పడేది కాదు, కానీ దాని సామాను ఏ రోడ్డు పక్క మెకానిక్ దగ్గరైనా దొరికేది. విదేశీ బండి తలుపు వేస్తే చప్పుడే లేదు, ఏసీ మూడో వరుస దాకా చల్లగా తగిలేది, ఘాటు మీద బరువు తెలియకుండా ఎక్కుతుందట. పిల్ల దాని స్టీరింగు వదల్లేదు. తమ్ముడిదీ అదే మాట. ఆ కంపెనీ దుకాణం ఎత్తేసింది కదా, రేపు సామాను ఎలా అని నేను నసిగితే తమ్ముడు నవ్వాడు.

"అప్పా, నువ్వు బండ్లు కడిగేదానివి. కొనేదాన్లాగ మాటాడకు."

ఆ మాట గుచ్చుకుంది. కడిగేదాన్నే కదా అనుకుని, కడిగేటప్పుడు ఎక్కినట్టే ఆ విదేశీ బండి మూడో వరుసలోకి ఎక్కాను. ముందు బెల్టులు రెండూ కొత్తవని ఎక్కుతూనే చూశాను.

"ఏటమ్మా, ఎనక్కెల్లి ఏటి సేత్తన్నావ్? అక్కడ పిల్లలే కూకుంటారు," అన్నాడు బ్రోకరు.

బెల్టు చివరికంటా లాగాను. మూరెడు నల్లగా వచ్చింది, ఆ తర్వాత జానెడు మేర మట్టిరంగు చార. వేలితో రాస్తే గరగరలాడింది.

"ఎప్పుడో అద్దం దించేసుంటే వోన కొట్టుంటాదమ్మా."

"వోనకి బెల్టు సుట్టలోకి బురదెలాగెల్తాది బాబూ?"

బ్రోకరు మా తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు తివాచీ అంచు ఎత్తాడు. సీటు బోల్టులన్నీ తుప్పు. "ఏటి బావా ఇది? మునిగిన బండిని నా మేనకోడలికి అంటగడతావా?" అని వాడు రేగితే, నేను మన దేశం బండెక్కి దాని బెల్టూ లాగాను. వెలిసిపోయింది, బిస్కెట్ పొడి అంటుకుని ఉంది, కానీ చివరికంటా శుభ్రం. మా అమ్మాయి అంతసేపూ పట్టుకున్న ఆ స్టీరింగు వదిలేసి వచ్చి, పెట్టె బండి డ్రైవరు సీట్లో కూర్చుంది.

సింహాచలంలో పూజ చేయించి తొలిసారి అరకు ఘాటు ఎక్కుతుంటే, గేరు మార్చినప్పుడల్లా బండి మూలిగేది, మా పిల్ల మాత్రం ఈల వేసేది. ఎవరో కొన్న ఆ విదేశీ బండి వానాకాలం రాకముందే లోపల వైర్లన్నీ కాలి దారిలో ఆగిపోయిందని తమ్ముడే వచ్చి చెప్పాడు. ఆ తర్వాత ఉక్కునగరంలో ఎవరు పాత బండి చూడబోయినా, మా అప్ప బెల్టు లాగందే కొనకండి అని నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. కడిగేదాన్ని కారులో ఎక్కించుకుని తీసుకెళ్లేవారు!

ఇప్పుడు మా అమ్మాయి కొత్త బండి కొంటోంది కాబట్టే దీన్ని బేరం పెట్టాం. ఫోనులోంచి తల ఎత్తని ఆ అబ్బాయిని వదిలేసి, ఆ అమ్మాయిని వెనక సీట్లోకి ఎక్కి బెల్టు లాగమన్నాను. చివరికంటా లాగింది. ఏమీ లేదు. ఎందుకు లాగించానో చెప్పాక ఆమే బేరం ఖాయం చేసింది.

ఈ మధ్య ఆ సెల్లారు మీదుగా వెళ్లాను. టీచరమ్మ లేదు, బకెట్లూ లేవు, గొట్టం పట్టి నీళ్లు చిమ్మే మిషను చిటికెలో పని కానిస్తోంది. వేలితో రాసే పొడి అక్కడ ఎవరి బానెట్ మీదా నిలవడం లేదు. నిన్న వాళ్లకి అప్పగించే ముందు మా బండిని చివరిసారి నేనే కడిగాను. కడగబోతూ, బానెట్ మీది నల్లపొడిలో నా కూతురి పేరు రాశాను. తప్పు లేకుండా వచ్చింది. ఎన్ని వందల అక్షరాలు తుడిచిన చెయ్యో ఇది, ఆ పేరు మీద నీళ్లు పోయడానికి మాత్రం చాలాసేపు లేవలేదు.