పిడికెడు బియ్యం, ఉడకని బువ్వ

మా నేత వాడలో పిడికెడు బియ్యం పోగుచేయడం మొదలుపెట్టింది పక్క సందులో ఉండే పంతులమ్మ. మడికొండ పోయే రోడ్డు మీద ఒక వృద్ధాశ్రమం ఉండేది. పండుగకో పుట్టినరోజుకో ఎవరో ఒకరు వచ్చి అక్కడ లడ్డూలు పంచేవారు. మామూలు రోజుల్లోనే తిండికి కష్టం. అందుకని ప్రతి ఇంట్లో అన్నం వండినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం విడిగా డబ్బాలో వేయాలి, ఆదివారం నేను వాటిని ఎత్తుకొచ్చి ఆశ్రమంలో అప్పజెప్పాలి. నేను నేతకు కావలసిన నూలు కండెలు చుట్టి మగ్గాల ఇళ్లకు ఇచ్చేదాన్ని, ఏ గడపకూ కొత్త కాదు. అందుకే ఆ పని నాకు పడింది.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. యాభై దాటాక నేర్చుకున్న చదువుతో ఇప్పుడిది రాస్తున్నాను కానీ, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఎవరు ఏమిచ్చారో కళ్లతోనే గుర్తు. గింజ చూస్తే ఇల్లు తెలిసేది. పొట్టిగా లావుగా ఉంటే రేషన్ షాపులో ఇచ్చే కంట్రోలు బియ్యం. సన్నగా ఉంటే నర్సంపేట దిక్కు పొలమున్నవాళ్ల కొత్త మసూరి. కొంచెం పసుపు తిరిగితే పాత బియ్యం, దాచుకొని వండుకునే ఇల్లు. అవన్నీ ఒక్క సంచిలో కలుస్తుంటే చూడముచ్చటగా ఉండేది.

ఒక ఆదివారం నేను సంచి దించుతుంటే ఆశ్రమం చూసుకునే మేనేజరు సారు పంతులమ్మతో అంటున్నాడు. "మూల మంచం అవ్వ వారం నుంచి పల్లెం వాపస్ పంపుతాంది టీచరమ్మా. రెండు బుక్కలు తింటది, పక్కకు పెడ్తది. అలిగిందో ఏమో. రేపు గాక వచ్చే సోమారం దాంక చూస్త. గప్పటికి తినకుంటే రిక్షాల పెద్ద దవాఖానకు పంపుడే."

అవ్వ ఆ మాట విన్నది. "పంపు సారూ, పంపు. నిరుడు ఇద్దరు గట్లనే దవాఖానకు పోయిర్రు గదా, వాళ్ల మంచాలు ఖాళీగనే ఉన్నయి. నాదీ ఖాళీ చెయ్యి," అన్నది. నవ్వుతూనే అన్నది గానీ, దుప్పటి అంచు పట్టుకున్న చేయి వదల్లేదు.

ఆకలి ఉండి మనిషి ఎందుకు తినదు? నాకు అదే ఆరాటం. మధ్యాహ్నం అన్నం పెట్టేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. అవ్వ బుక్క నోట్లో పెట్టుకొని చాలాసేపు ఇటూ అటూ తిప్పింది. తర్వాత వేలితో ఒక్కో గింజ తీసి పల్లెం అంచున పెట్టింది. నేను ఆ గింజలు తీసుకొని నొక్కి చూశాను. పైన మెత్తన, లోపల పలుకు. అన్నీ పాత బియ్యం, కంట్రోలు బియ్యం. మసూరి మాత్రం గంజిలా కరిగిపోయింది. వాటిని కలిపి తెచ్చింది నేనే.

"ఏం జూస్తానవు బిడ్డా?" అన్నది అవ్వ. "మీ బియ్యం పెండ్లి బంతి లెక్కున్నది. కొందరు తిని చేతులు గడిగిర్రు, కొందరింక కూసోనేలేదు. నాకున్నయి రెండు పండ్లు. గవి గూడ ఎదురుబొదురు లేవు."

"గీ మాట సారుకెందుకు జెప్పలే అవ్వా?"

"పుణ్యానికిచ్చిన బియ్యానికి వంక వెడితే మర్యాదుంటదా?"

మరునాడు రెండు సంచులు పట్టుకొని వాడంతా తిరిగాను. పాతవి ఇందులో, కొత్తవి అందులో పోయమన్నాను. మొదటి ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందక్కా, ధర్మం చేద్దామంటే షావుకారు లెక్క ఏరుతానవు? జర మా ఇంటాయనను గూడ ఏరిపెట్టు, పాతవడ్డడు." అరుగుల మీది ఆడవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. చూస్తే డబ్బాల్లోనే బియ్యం కలిసిపోయి ఉంది. కంట్రోలువి అయిపోగానే కొన్నవి, ఆ వెనక చుట్టాలు తెచ్చినవి. ఏ ఇంట్లోనూ ఒక్క తీరు బియ్యం నెలంతా లేదు.

గురువారం ఆశ్రమానికి పోయి, ఏం చేయాలో మళ్లీ అవ్వనే అడిగాను. ఆమె వెంటనే చెప్పింది. "ఇసుర్రాయిల ఏసి పగులగొట్టుండ్రి. నూకలకు పాత, కొత్త ఉండది. అన్నీ ఒక్కతీర్గ ఉడుకుతయి."

సారు ఒప్పుకోలేదు. "నూకలా! ఇచ్చినోళ్లెవరన్న వచ్చి చూస్తే ఏమంటరు? బియ్యం అమ్ముకొని ముసలోళ్లకు నూకలు వండుతుర్రంటరు." ఆయన భయం ఉత్తది కాదు. మా దగ్గర నూకలంటే కోళ్లకు, లేదా గతిలేనప్పుడు మనుషులకు.  నాతో వచ్చిన పంతులమ్మ అన్నది, "అయితే ఇచ్చినోళ్లే వచ్చి ఇసురుతరు. వాళ్ల కండ్ల ముందటనే వండు."

ఆ ఆదివారం మా వాడ నుంచి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. బియ్యం ఇవ్వడమే గానీ తినేవాళ్ల ముఖం వాళ్లెవరూ చూసి ఉండలేదు. విసుర్రాయి చప్పుడు వినగానే అవ్వ మంచం దిగి, గోడ పట్టుకొని వచ్చింది.

"గుప్పెడు నిండుగ పొయ్యుండ్రి. కొంచెం కొంచెం పోస్తే పిండైతది. ఏమే పిల్లా, ఇసురుడు రాదా?"

"మాది కరెంటు గిర్నిల పిండి పట్టించే కాలం అవ్వా."

"గట్లయితే గిర్నినే చేసుకోకపోయినవా, మొగడెందుకు?"

ఆ మధ్యాహ్నం నూకల బువ్వ, పల్చటి పప్పుచారు. అవ్వ మొదటి బుక్క నోట్లో పెట్టుకుంటే ఆరుగురూ, సారూ, నేనూ ఆమె దవడనే చూస్తున్నాం. "మీరేంది, సర్కసు జూసినట్టు?" అన్నది. వేలు నోట్లోకి పోలేదు. పల్లెం ఖాళీ చేసి ముందుకు తోసింది. "ఇంకింత ఎయ్యి."

సోమవారం సారు రిక్షా పిలవలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎవరో ఇద్దరు ముగ్గురు విసరడానికి వచ్చేవారు. నూకల వల్లే తిన్నదా, ఎదురుగా అంతమంది కూర్చున్నందుకు తిన్నదా అని నాకు చాలా రోజులు అనుమానం. ఉండబట్టలేక ఒకసారి అడిగాను.

"తిన్ననా లేదా? గది జూడు," అన్నది అవ్వ, పల్లెం కడగడానికి లేస్తూ.