లోపలినుంచి కట్టిన తీగ

నాకు ఎవర్నీ నమ్మే అలవాటు లేదు. గల్ఫ్‌లో, ముసఫ్ఫా లేబర్ క్యాంపులో నా సబ్బుపెట్టెకు కూడా తాళం వేసేవాణ్ణి. కరోనా తగ్గాక కంపెనీ నన్ను రోడ్డు సొరంగం పనిలో వేసింది. మంటలార్పే సిలిండర్లు, అత్యవసర ఫోన్లు, ప్రమాదమొస్తే జనం బయటపడే తలుపులు చూసుకోవడం నా పని. ఆ తలుపును లోపలికి తోస్తే పొగ చేరని చిన్న నడవా, దాని అవతల పక్కనున్న రెండో సొరంగం. తలుపు తెరుచుకుంటోందని కార్డు మీద సంతకం పెట్టేది నేనే.

మధ్యాహ్నం తిన్నాక ఆ నడవాలోనే కునుకు తీసేవాణ్ణి. మా ముదీర్, అదే మేనేజరు, చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తాడని భయం. అంతకుముందు రాడ్లు కట్టే పని చేసినవాణ్ణి, జేబులో బైండింగ్ వైరు లేకుండా ఉండను. ఆ తీగతో తలుపు పిడిని గోడమీది పైపుకు నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా మెలేసి పడుకునేవాణ్ణి. అరగంటలో ఏం కొంపలంటుకుంటాయిలే అనుకున్నా.

నాతో పనిచేసే నెల్లూరు భాయ్ మీద మొదటినుంచీ అనుమానమే. ముదీర్‌తో నవ్వుతూ మాట్లాడేవాడు. నేను కనబడితే ఆపేసేవాడు. నా కునుకు సంగతి మోసేది ఇతనేనని ఖాయం చేసుకున్నా.

ఒకరోజు ఎవరో తలుపు దబదబ బాదారు.

"అన్నా, తలుపు తియ్యన్నా! బండి అంటుకునింది, పొగన్నా!"

భాయ్ గొంతే. వెనకాల ముదీర్‌ని నిలబెట్టి నాటకమాడుతున్నాడనుకున్నా. ఊపిరి బిగబట్టి కూర్చున్నా. మళ్లీ బాదాడు. కదల్లేదు.

అప్పుడు ఒక పసిపిల్ల దగ్గు వినబడింది. ముదీర్ పసిపిల్లను వెంటబెట్టుకుని తనిఖీకి రాడు.

నా చేతులతో వేసిన మెలి నాకే ఊడి రాలేదు. కటింగ్ ప్లేయరు బయట మా సామాన్ల బండిలో ఉంది. వేళ్లు కోసుకుపోయాయి. ఎట్లాగో తలుపు తెరుచుకున్నాక పిల్లనెత్తుకున్న తల్లి, ఆమె వెనక డ్రైవరు పడుతూ లేస్తూ వచ్చారు. చివర భాయ్ వచ్చాడు. ముక్కంతా మసి. అందరూ బతికారు.

చేతికి ఏమైందని ముదీర్ నన్నడిగాడు.

"దర్వాజా జామ్ హో గయా థా సాబ్, ఇసీనే ఖీంచా," అన్నాడు భాయ్, తలుపు బిగుసుకుపోతే నేనే లాగి తీశానని.

తిరిగి క్యాంపుకు వచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుని, మెల్లగా అడిగాడు.

"నా గొంతు గుర్తుపట్టలేదా అన్నా?"

"లేదు భాయ్. ఎవరో అనుకున్న."

గుర్తుపట్టే తీయలేదని ఇప్పటికీ అతనికి చెప్పలేదు.