మామగారి కునుకు పరీక్ష

మామగారు ఏ ఊరినీ కళ్ళతో చూసి నమ్మే మనిషి కాదు. మధ్యాహ్నం అక్కడో అరగంట కునుకు తీయాల్సిందే. కునుకు పట్టిందా, మంచి ఊరు. పట్టలేదా, స్వర్గమైనా సరే, చాప చుట్టేస్తారు.

వెల్డింగు షాపు పైనున్న అద్దెయిల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఈసారి ఏదైనా పల్లెకు మారిపోదామని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. కొడుక్కి పన్నులు తక్కువుండాలి, కోడలికి కూతురి బడి బాగుండాలి, ఆ కూతురికి కిటికీలోంచి కొండ కనబడాలి. మామగారు మాత్రం చాప చంకన పెట్టుకుని కారెక్కారు.

మొదటి ఊళ్ళో ఇల్లు చూపిస్తూ అక్కడి పంచాయతీ గుమాస్తా పన్నులెంత తక్కువో చెబుతుంటే కొడుకు మొహం చేటంత అయింది. మామగారు అప్పటికే వరండాలో చాప పరిచి కళ్ళు మూసుకున్నారు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. తిమ్మిరెక్కిందేమో అనుకుంది కోడలు.

“ఊరు బాగుందిరా. కునుకే పట్టలేదు.”

“పన్ను కట్టేది నేను నాన్నా, మీ కునుకు కాదు!”

“అందుకే కునుకు సంగతి నేను చూస్తున్నా. పద.”

రెండో ఊళ్ళో ఇంటి గోడ పక్కనే బడి. లైబ్రరీ చూసి కోడలు మురిసిపోయి వచ్చేసరికి చాప చుట్టేసి ఉంది.

“తాతయ్యా, మళ్ళీ ఫెయిలయ్యావా?” అంది మనవరాలు.

“నేను కాదే, ఊరు!”

మూడోచోట ఎదురుగా కొండ, కింద వాగు. మామగారు కొండకు వీపు పెట్టి పడుకున్నారు.

“మామయ్యా, ఒక్కసారి ఇటు తిరిగి చూడండి!”

“అదెక్కడికీ పారిపోదులేమ్మా, లేచాక చూస్తా.”

పది నిమిషాల్లో లేచారు. కొండకేసి చూడనేలేదు.

“ఇంకా పన్నెండ్రోజులే ఉంది నాన్నా! మీ నిద్ర కోసం మమ్మల్ని రోడ్డున పడేస్తారా?” కొడుకు అరిచాడు. ఆయన చాప చుట్టి కారెక్కారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా బయల్దేరిన నర్సు కోడలికి మధ్యలో దూరే ఓపిక కూడా లేదు.

నాలుగో ఊళ్ళో పన్ను ఓ మోస్తరు. బడి చిన్నదే గానీ పంతులుగారు ప్రతి పిల్లనీ పేరుపెట్టి పిలుస్తారు. ఇక ప్రకృతి అంటారా, కాస్త పచ్చిక, రెండు మేకలు. కొడుకూ మనవరాలూ పెదవి విరిచి పెరడు చూడ్డానికెళ్ళారు. కోడలు చాప పక్కనే కూలబడింది. ఎక్కడో మేక అరిచింది. మామగారి చిటికెనవేలు ముడుచుకుంది. కోడలు నిటారుగా కూర్చుంది.

“మీరు పడుకోవట్లేదు! చప్పుళ్ళు లెక్కపెడుతున్నారు!”

ఆయన ఒక కన్ను తెరిచారు. “మొదటిచోట పిండిమర. రెండోచోట బడిగంట. మూడోచోట కొండవెనక రాళ్ళు కొట్టే మిషను. నాకు నిద్రకి రాత్రంతా ఉందమ్మా. పగలు పడుకోవాల్సింది నువ్వు. రెండేళ్ళుగా ఆ వెల్డింగు మోతలో చెవుల్లో దూది కుక్కుకుని దొర్లడం చూస్తూనే ఉన్నా.”

“మరి ఆ ముక్క చెప్పొచ్చుగా?”

“చెబితే, ‘నా నిద్రదేముంది మామయ్యా, పిల్ల బడి ముఖ్యం’ అనవూ?”

కోడలు అచ్చంగా అదే అనేది. 

“నువ్వే చూడు, కునుకు పడుతుందో లేదో,” అని ఆయన చాప ఖాళీ చేశారు. ఊరికే ఒరిగి చూద్దామనుకుంది.

తర్వాతి సంగతులు కూతురు చెబితేనే ఆమెకు తెలిశాయి. గంటన్నర గడిచిందట. “ఈ ఊరూ ఫెయిలేనా?” అంటూ లోపలికొచ్చిన కొడుకు, చాప మీద గురకపెడుతున్న భార్యను చూసి చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు చేయకుండా, ఇల్లు ఖాయం చేసుకోవడానికి ఆ ఊరి గుమాస్తాను వెతుక్కుంటూ వెళ్ళాడట. అంతలో మేక మళ్ళీ నోరు తెరవబోయిందట. మామగారు గుప్పెడు పచ్చిక పీక్కుని, దాని నోరు మూయించడానికి పరుగో పరుగట.